పాత కెర్నెల్‌కు ప్యాచ్‌లు తెస్తున్న తమ్ముడికి

పర్లాకిమిడి

తమ్ముడూ,

గుణుపురం నుంచి నువ్వు పంపిన మూడు ప్యాచ్‌లూ (కోడ్‌లో చేసే చిన్న మార్పులు) చూశాను. లినక్స్ కెర్నెల్ (సిస్టమ్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) కొత్త కోడ్ ఉండే మెయిన్‌లైన్ నుంచి వాటిని పాత 5.15 వెర్షన్‌కి తెచ్చావు. "ఒక్క కాన్‌ఫ్లిక్ట్ కూడా రాలేదన్నా, బిల్డ్ కూడా అయిపోయింది" అని రాశావు. నాకు టెన్షన్ మొదలైంది అక్కడే. పాత కోడ్‌తో తగువు లేకుండా అతికినంత మాత్రాన ప్యాచ్ అక్కడ సరిగ్గా పనిచేస్తుందని కాదు.

రెండో ప్యాచ్ చూడు. ఫంక్షన్ మధ్యలో ఒక చెక్ పెట్టి, తప్పయితే అక్కడికక్కడే రిటర్న్ అయిపోతుంది. కొత్త కోడ్‌లో అది సరైనదే. అక్కడ లాక్‌ను (ఒకేసారి ఒక్కరే ఆ డేటాను ముట్టుకునేలా చూసే తాళం) గార్డ్‌తో తీసుకున్నారు. 6.5లో వచ్చిన ఆ పద్ధతిలో ఫంక్షన్ నుంచి ఎటు బయటికొచ్చినా లాక్ దానంతటదే వదులుతుంది. 5.15లో అదే ఫంక్షన్‌ను పైనుంచి చదువు. మ్యూటెక్స్ అనే ఆ లాక్‌ను విడిగా వేసి, చివర్లో విడిగా తీస్తున్నారు. నీ రిటర్న్ ఆ చివరిదాకా పోదు. లాక్ అలాగే పడి ఉంటుంది, తర్వాత వచ్చిన ప్రతి ప్రాసెస్ దాని ముందు ఆగిపోతుంది. ప్యాచ్ చుట్టూ కనిపించే మూడేసి లైన్లలో ఇదేమీ తెలియదు. ఒకప్పుడు నేనూ ఆ మూడు లైన్లు చూసే సరే అన్నాను. ఎర్రర్ దారిలో ఒకే మెమరీ రెండుసార్లు ఫ్రీ అయింది. ఆ మార్పును వెనక్కి తీసే ప్యాచ్ కూడా నేనే రాశాను.

5.10, 5.15 కెర్నెల్‌లతో నడిచే ఆండ్రాయిడ్ ఫోన్లు మన సంతల్లో కూడా తిరుగుతున్నాయి. అప్‌డేట్ నొక్కే మనిషి మన కోడ్ చదవడు, మనల్ని నమ్ముతాడు. అందుకే ముందు ప్యాచ్ పక్కన పెట్టి, అది వెళ్లి కూర్చునే పాత ఫంక్షన్ మొత్తం చదువు.

మొదటిది బాగుంది. పరికరాన్ని గుర్తుపట్టే నంబర్, డివైస్ ఐడీ ఒక్కటే కలుపుతోంది, అలాంటివి స్టేబుల్‌లోకి (5.15 లాంటి పాత వెర్షన్లకు దిద్దుబాట్లు చేర్చే శాఖ) తీసుకుంటారు. మూడోది వదిలెయ్. అందులోని ఫిక్సెస్ లైన్ (ఏ మార్పులోని తప్పును సరిచేస్తోందో చెప్పేది) చూపే కమిట్, అంటే ఆ మార్పు, 6.1లో వచ్చింది, 5.15కి ఎవరూ తేలేదు. లేని జబ్బుకు మందెందుకు?

అప్‌స్ట్రీమ్ (అంటే మెయిన్‌లైన్) కమిట్ నంబర్ రాశావు, మంచిది. 5.15 కోసం ఏం మార్చావో కూడా రాయి. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉండి చెబుతున్నాను, ఇంగ్లీషులో రాసినా ఎదుటి మనిషితో మాట్లాడినట్టే రాయి: 'ఇక్కడ గార్డ్ లేదు, అందుకే రిటర్న్ బదులు అన్‌లాక్ దగ్గరికి గోటూ పెట్టాను.' రివ్యూకి మామూలుగా దొరికేది 48 గంటలు. చూసేవాళ్లకు ఆ ఒక్క వాక్యం ఎంతో సాయం.

రెండోది సరిచేశాక లాక్‌ల తప్పులు పట్టే లాక్‌డెప్ ఆన్ చేసి, కావాలనే ఆ చెక్ ఫెయిలయ్యేలా నడుపు. లాగ్ కూడా జత చెయ్యి. ఆదివారం రాత్రి కూర్చుని చూస్తాను.

అన్న