వెటకారం కింద ఒక లెక్క ఉండాలి

చిరంజీవి నాన్నకు పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన స్క్రిప్టు మొత్తం చదివాను. ఉద్యోగం చేసుకుంటూనే శనివారాలు స్టేజి ఎక్కి జనాన్ని నవ్విస్తున్నావని తెలిసి మీ అమ్మ కంగారు పడింది గానీ నాకు మాత్రం సంతోషమే. దేవుడి మీద వెటకారం చేయొచ్చా, చేస్తే ఎంతదాకా అని అడిగావు. మన గోదావరి వాళ్ళకి అది పుట్టుకతోనే వస్తుంది కదా పెద్దమ్మా అని కూడా రాశావు. పుట్టుకతో వచ్చేది యాస. వెటకారం నేర్చుకోవాల్సిన విద్యే. ఉద్యోగం చేసినన్నాళ్ళూ హైస్కూలు పిల్లలకు తెలుగు చెప్పి, వాళ్ళచేత నాటకాలు వేయించినదాన్ని కాబట్టి నాకు తెలిసినంత రాస్తున్నాను. పెద్ద ఉత్తరమే అవుతుంది, తీరిగ్గా చదువు.

అన్నిటికంటే ముందు ఒక పని చెయ్యి. నువ్వు అనదలచుకున్నది సూటిగా, ఒక్క వాక్యంలో కాగితం మీద పెట్టు. ఆ వాక్యం రాయగలిగితే దాన్ని వ్యంగ్యంగా తిప్పుకో. రాయలేకపోతే నీ దగ్గర చెప్పాల్సింది ఇంకా తయారవలేదన్నమాట. పెళ్ళి భోజనాల మీద నువ్వు రాసిన భాగం చదువుతూ పైకే నవ్వాను. అప్పు చేసి అన్ని రకాలు వడ్డించి సగం విస్తట్లోనే వదిలేయడం చూస్తే నీకు నిజంగా ఒళ్ళు మండుతుంది, అది ప్రతి వాక్యంలో తెలుస్తోంది. దేవుడి భాగం చప్పగా ఉంది. అందరూ వేస్తున్నారు కదా అని వేసినట్టుంది. అక్కడ నీకు పట్టిన బాధ ఏదీ నాకు కనపడలేదు.

రామదాసు కీర్తన తీసుకో. "ఇక్ష్వాకు కుల తిలక" అని చిన్నప్పటి నుంచి మైకుల్లో వింటూనే ఉన్నాం, అందుకే అందులో మాటలు మన చెవిని తాకడం మానేశాయి. ఒకసారి పాటని పక్కన పెట్టి వచనంలా చదువు. రామదాసంటే కంచర్ల గోపన్న, భద్రాచలం ఉన్న పాల్వంచ పరగణాకు తహసీల్దారు. సర్కారు సొమ్ముతో రాముడికి గుడి కట్టించి నగలు చేయించాడు, తానీషా కాలంలో గోల్కొండ చెరసాలలో పడ్డాడు. పన్నెండేళ్ళు ఉన్నాడంటారు. ఆ చెరసాలలో కూర్చుని ఆయన దేవుడి ముందు పెట్టింది అచ్చంగా ఒక జమాఖర్చు. ప్రాకారానికి పట్టింది పదివేల వరహాలు. భరతుడికి పచ్చల పతకం, దానికి పదివేల వరహాలు. శత్రుఘ్నుడికి బంగారు మొలతాడు, దానికి పదివేల మొహరీలు. సీతమ్మకు చింతాకు పతకం, దానికీ పదివేల వరహాలు. పద్దులన్నీ చదివాక అప్పుడు అడిగాడు: ఇవన్నీ మీ నాన్న దశరథ మహారాజు పెట్టాడా, లేక మీ మామ జనక మహారాజు పంపాడా, ఎవడబ్బ సొమ్మని కులుకుతూ తిరుగుతున్నావు?

ఆ నిలదీతకు బలం ఎక్కడినుంచి వచ్చిందో చూడు. ముందున్న పద్దుల నుంచి. నగ పేరు, పెట్టుకున్నవాడి పేరు, అయిన ఖర్చు, అన్నీ ఉన్నాయి. ఉత్తినే "ఎవడబ్బ సొమ్ము" అని ఉంటే అది వట్టి తిట్టు, రెండో రోజుకి మర్చిపోయేవాళ్ళం. ఇక ఆ వెంటనే వచ్చే చరణం: "అబ్బ తిట్టితినని ఆయాసపడవద్దు రామచంద్రా, ఈ దెబ్బలకోర్వలేక అబ్బ తిట్టితినయ్యా." పాఠం చెప్పేటప్పుడు నేను ఎప్పుడూ ఇక్కడ కాసేపు ఆగేదాన్ని. తిట్టిన నోరే బతిమాలుతోంది. తిట్టినందుకు కారణం చెబుతోంది, దెబ్బలని. దేవుడు ఉన్నాడని, వింటున్నాడని, తనకు జవాబు చెప్పాల్సినవాడని గట్టిగా నమ్మినవాడికే అలాంటి కోపం వస్తుంది. ఆయన చేయించినవని చెప్పే నగలు ఇప్పటికీ భద్రాచలం గుడిలో ఉన్నాయి. ఈసారి వెళ్ళినప్పుడు కోడలికి చూపించు.

దీన్ని మన పెద్దవాళ్ళు తప్పని ఎప్పుడూ అనుకోలేదు. తిడుతున్నట్టే పొగడడానికి నిందాస్తుతి అని పేరు పెట్టి శతకాలే రాశారు. గోగులపాటి కూర్మనాథ కవి సింహాచలం మీద తురక సైన్యం వచ్చిపడుతున్నప్పుడు నరసింహస్వామిని, ఇంతేనా నీ పౌరుషం అని పద్యం మీద పద్యం వేసి కడిగాడు. దివిసీమ కవి కాసుల పురుషోత్తముడు కృష్ణా తీరంలో ఉన్న శ్రీకాకుళాంధ్ర దేవుడి మీద ఆంధ్రనాయక శతకం రాశాడు. అందులో ఒక సీస పద్యం నాకు ప్రాణం. భూదేవి భార్యగా ఉండి భారమంతా మోస్తే నీకు అఖిలభారకుడన్న పేరొచ్చింది. లక్ష్మి భార్యగా ఉంటే కోరినవన్నీ ఇస్తాడన్న ఘనత వచ్చింది. సృష్టి చేసే బ్రహ్మ కొడుకు కాబట్టి పెద్ద సంసారి అన్నారు. పాపాలు కడిగే గంగ కూతురు కాబట్టి పతితపావనుడన్నారు. "ఆండ్రుబిడ్డలు దెచ్చు ప్రఖ్యాతి గాని" మొదటినుంచీ నీదంటూ ఏముందయ్యా అని ముగిస్తాడు. ఇంటి పనంతా ఆడవాళ్ళు చేస్తే పేరు మాత్రం కొట్టేసిన మగవాళ్ళని ఎంతమందిని చూశాను నాన్నా! ఆ పద్యం చదివినప్పుడల్లా కవి దేవుడితో పాటు వాళ్ళనీ అడుగుతున్నట్టే ఉంటుంది నాకు. అయినా ఆ నాలుగు పాదాల్లో దేవుడి గొప్పతనం ఒక్కటి కూడా తగ్గలేదు, లెక్కపెట్టినవన్నీ ఆయన బిరుదులే.

గుడిలోనే దీనికి చోటు ఉంది. తిరుమలలో వైకుంఠ ఏకాదశి వెళ్ళిన కొద్ది రోజులకు ప్రణయ కలహోత్సవం చేస్తారు. అలిగిన అమ్మవార్లు స్వామి మీద పూబంతులు విసురుతారు, స్వామి బెదిరినట్టు వెనక్కి వెళతాడు, అమ్మవార్ల తరఫున నిందాస్తుతి చదువుతారు. ఆ నింద కూడా పూజలో భాగమే.

అందుకని నీ మొదటి ప్రశ్నకు నా జవాబు ఇది. నువ్వు దణ్ణం పెట్టుకునే దేవుణ్ణి ఎంతైనా అడుగు, అడగడానికి నీకు లెక్క ఉంటే. మీ నాన్నకి ఆపరేషన్ అయిన రాత్రి ఆసుపత్రి వరండాలో నువ్వు ఎన్ని మొక్కులు మొక్కుకున్నావో నాకు తెలుసు. అక్కడినుంచి మొదలుపెడితే ఆ భాగం నిలబడుతుంది. నాకు ఈమధ్య నమ్మకం పోయింది పెద్దమ్మా అంటావా, అప్పుడు నీ తగువు దేవుడితో ఉండదు. ఆయన పేరు చెప్పి డబ్బు గుంజేవాళ్ళతో ఉంటుంది. వాళ్ళని పట్టుకో, వదలొద్దు. ఇంకొకరి మతం, ఇంకొకరి దేవుడి జోలికి మాత్రం పోకు. కేసులు పెడతారన్న భయంతో చెప్పడం లేదు. ఆ ఇంట్లో నువ్వు పుట్టలేదు, ఆ దేవుడికి నువ్వు ఏమీ పెట్టలేదు, ఆయన నీకు ఏమీ బాకీ లేడు. నువ్వు అక్కడ ఏమన్నా బయటినుంచి రాయి వేసినట్టే ఉంటుంది.

ఇక స్టేజి. కన్యాశుల్కం 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు, 1897లో అచ్చయింది, 1909లో గురజాడ దాన్ని పెంచి తిరగరాశారు. అందరం గిరీశం మాటలే చెప్పుకుంటాం గానీ 1897 నాటి ఇంగ్లీషు ముందుమాట ఎవరూ చదవరు. నువ్వు చదువు. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో బ్రాహ్మణ కుటుంబాల్లో శుల్కం పుచ్చుకుని చేసిన పెళ్ళిళ్ళ జాబితా విజయనగరం మహారాజు తయారు చేయించారట. దొరికినవి 1,034. అందులో ఐదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు 6, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల ధర మూడువందల యాభై నుంచి నాలుగువందల రూపాయలు. ఈ అంకెలు తెలిశాక అగ్నిహోత్రావధాన్లు "తాంబూలాలిచ్చేశాను, తన్నుకు చావండి" అంటుంటే ఆ నవ్వు గొంతులో అడ్డం పడుతుంది. గురజాడకు కోపం ఉంది, లెక్క ఉంది, ఆ తర్వాతే గిరీశం పుట్టాడు. రామదాసు పద్దులు పాటలోనే పెట్టాడు, ఈయన ముందుమాటలో పెట్టాడు.

ఇంకొకటి గమనించు. విధవా వివాహం మంచిదన్న మాటలు ఆ నాటకంలో ఎక్కువగా మాట్లాడేది గిరీశమే. మంచి మాటని మోసగాడి నోట పెట్టి, మాట మంచిదా మనిషి మంచివాడా తేల్చుకునే భారం చూసేవాళ్ళ మీద వేశారు. పిల్లలచేత గిరీశం, వెంకటేశం సీను వేయించినప్పుడు గిరీశం వేషం వేసిన కుర్రాడు ప్రతి డైలాగుకి ముందు ఒకసారి కన్ను కొట్టేవాడు. వింటున్నవాళ్ళు నవ్వేవాళ్ళు కాదు. "గిరీశానికి తను గొప్పవాణ్ణన్న దాంట్లో సందేహమే లేదురా, నువ్వు కూడా నమ్మి చెప్పు" అన్నాను. కుర్రాడు చొక్కా సర్దుకుని, వెంకటేశం భుజం మీద చెయ్యి వేసి, అచ్చం మా హెడ్మాస్టరులా గంభీరంగా "నాతో మాట్లాడ్డమే ఒక ఎడ్యుకేషన్" అన్నాడు. హాలంతా గొల్లుమంది. నీ వీడియోలో నువ్వూ కన్ను కొడుతున్నావు. పంచ్ పడకముందే నువ్వు నవ్వేస్తున్నావు. మానెయ్యి.

అర్థం కాకపోతే విడమరిచి చెప్పాలా అన్నావు. శాతవాహన రాజు హాలుడి పేరున ఉన్న గాథాసప్తశతిలో మన గోదావరి ఒడ్డు పద్యం ఒకటి ఉంది. ఒక అమ్మాయి పూలు కోసుకోవడానికి వచ్చే సన్యాసితో అంటుంది: అయ్యా, ఇక నిశ్చింతగా తిరగండి. మిమ్మల్ని విసిగించే ఆ కుక్కని ఈ గోదావరి పొదల్లో ఉండే సింహం ఇవాళ చంపేసింది. అంతే పద్యం. అది ఆమె తన ప్రియుణ్ణి కలుసుకునే చోటు, అందుకే ఆయన అటు రాకూడదు. రమ్మంటున్న మాటలో రావొద్దన్నది ఎలా పలికిందో చెప్పడానికి తొమ్మిదో శతాబ్దంలో ఎక్కడో కాశ్మీరంలో కావ్యశాస్త్రం రాసిన ఆనందవర్ధనుడు ఈ పద్యాన్నే ఎత్తుకున్నాడు. నువ్వు దీన్నుంచి తీసుకోవాల్సింది ఏమిటంటే, ఆమె సమాచారం ఏదీ దాచలేదు. కుక్క సంగతి చెప్పింది, సింహం సంగతి చెప్పింది, అది ఎక్కడ ఉంటుందో కూడా చెప్పింది. ఫలితం ఒక్కటి మాత్రం ఆయనకే వదిలేసింది. జనానికి అర్థం కాలేదంటే నువ్వు కుక్క సంగతి ముందు చెప్పలేదన్నమాట. వెనక్కి వెళ్ళి అది చేర్చు. చివర్లో "అంటే నా ఉద్దేశం ఏంటంటే" అని వచ్చే చోట్లన్నీ కొట్టెయ్యి.

స్టేజి దిగాక సంగతి వేరు. నేను పనిచేసిన ఒక బడిలో ఒక మాస్టారు రోజూ ఆలస్యంగా వచ్చే పిల్లవాణ్ణి "రండి కలెక్టరు గారూ, మీకోసమే చూస్తున్నాం" అని పిలిచేవారు. క్లాసంతా నవ్వేది, వాడూ నవ్వేవాడు. కొన్నాళ్ళకి బడికి రావడం మానేశాడు. ఇంటికి వెళ్ళి అడిగితే తెలిసింది, తెల్లవారుజామునే ఇళ్ళకి పాలు వేసి వస్తున్నాడు. వాడు మాస్టారిని తిరిగి ఏమనగలడు? మన పెళ్ళిళ్ళలో వియ్యాలవారి మీద పాడే పాటలు ఎంత ఘాటుగా ఉంటాయో నీకు తెలుసు. అయినా ఎవరికీ నొప్పి తగలదు, ఎందుకంటే ఆడపెళ్ళివారు ఒకటి పాడితే మగపెళ్ళివారు రెండు అందుకుంటారు. తిరిగి అనే వీలు లేనివాళ్ళ మీద, పిల్లల మీద, ఇంట్లో పనిచేసేవాళ్ళ మీద, మంచాన పడ్డవాళ్ళ మీద ఎంత చిన్న ఎత్తిపొడుపైనా వద్దు. డబ్బు విషయాల్లోనూ వద్దు. వాట్సాప్‌లో అసలే వద్దు, అక్కడ నీ గొంతు వినపడదు, మాట మాత్రమే మిగులుతుంది.

కోడలు పిల్ల సంగతి మీ అమ్మ చెప్పింది. దానికి ప్రమోషన్ వచ్చిన రోజు "ఇక మేడం గారి అపాయింట్‌మెంట్ తీసుకోవాలేమో" అన్నావట. అది ఆ రాత్రి అన్నం తినలేదట. నీ మనసులో చెడు లేదని నాకు తెలుసు. మొదట చెప్పిన పని ఇక్కడా చెయ్యి, సూటి వాక్యం ఏమిటో వెతుకు. నాకు తోచింది చెబుతున్నా: "చాలా సంతోషంగా ఉంది, కానీ మనిద్దరికీ టైం ఉండదేమోనని టెన్షన్‌గా ఉంది." ఇదే నిజమైతే దీన్ని తిప్పకుండా ఇలాగే చెప్పు. దానికి కావాల్సింది ఆ రెండు ముక్కలే. తను కూడా నిన్ను సరదాగా నాలుగు మాటలు అనే రోజు వచ్చాక మీ ఇద్దరి వెటకారం మీ ఇష్టం.

ఆంధ్రనాయక శతకం కొరియర్‌లో పంపించాను. నేను చెప్పిన సీసానికి గుర్తు పెట్టాను. ముందు పైకి చదువు, అర్థం తర్వాత చూడు. దేవుడి భాగం తిరగరాసి సంక్రాంతికి వచ్చేటప్పుడు తీసుకురా, వీధి అరుగు మీద కూర్చుని నువ్వు చదువుదువుగాని, నేను వింటాను. కోడలికి నేను ఫోన్ చేస్తాను, నువ్వేమీ చెప్పకు.

మీ పెద్దమ్మ