ఎప్పుడూ ఓడే జట్టు ఒక్క ఆటా ఓడని ఏడాది

బ్లూమింగ్టన్ ఊళ్లో ఉన్న ఇండియానా యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు 2025 సీజన్‌లో 16 ఆటలు ఆడి పదహారూ గెలిచింది, అమెరికా కాలేజీ ఛాంపియన్ అయింది. ఆ సీజన్ గురించి వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: మా అబ్బాయి బ్లూమింగ్టన్‌లో ఎమ్మెస్ చదువుతున్నాడు. జనవరిలో ఒకరోజు మనకి పొద్దున పదిన్నరప్పుడు ఫోన్ చేస్తే, అక్కడ అర్ధరాత్రి, వాడు రోడ్డు మీద వేలమంది మధ్యలో ఉన్నాడు. నా మాట వినపడటం లేదు. "అమ్మా, గెలిచాం" అని పెట్టేశాడు. వాడేమీ ఆడేవాడు కాదు, చూసేవాడే. ఒక కాలేజీ జట్టు గెలిస్తే ఇంత హడావుడా? చదువు పక్కన పెడుతున్నాడేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, మీవాడు రోడ్డు మీద ఉన్నది జనవరి 19 రాత్రి అయ్యుంటుంది. ఆ రాత్రి ఆ ఊళ్లో ఇంట్లో కూర్చున్నవాళ్లే తక్కువ. ఎందుకో తెలియాలంటే ఆ జట్టు అంతకుముందు ఎలా ఉండేదో తెలియాలి. 2025 సీజన్ మొదలయ్యేనాటికి అమెరికా పెద్ద కాలేజీ జట్లన్నిటిలో ఎక్కువ ఆటలు ఓడిన రికార్డు ఇండియానాదే, ఏడు వందలకు పైగా ఓటములు. బిగ్ టెన్ అని వాళ్ల లీగ్ ఒకటుంది, పేరులో పదే ఉన్నా ఇప్పుడు 18 కాలేజీలు. అందులో ఇండియానా టైటిల్ గెలిచింది అంతకుముందు రెండేసార్లు, 1945లో, 1967లో. 1967 తర్వాత పుట్టినవాళ్లకి మనవలు కూడా వచ్చేశారు గానీ ఆ టైటిల్ మాత్రం 2025 దాకా మళ్లీ రాలేదు. 2023లో 12 ఆటలాడి మూడే గెలిచారు.

అసలు ఆ ఊరికి ప్రాణం బాస్కెట్‌బాల్. 1976లో బాబ్ నైట్ అనే కోచ్ దగ్గర ఇండియానా బాస్కెట్‌బాల్ జట్టు 32 ఆటలూ గెలిచి ఛాంపియన్ అయింది, ఆ తర్వాత మగవాళ్ల కాలేజీ బాస్కెట్‌బాల్‌లో ఒక్కటీ ఓడకుండా ఛాంపియనైన జట్టు ఇప్పటికీ లేదు. సరిగ్గా యాభై ఏళ్లకి అదే కాలేజీ ఫుట్‌బాల్ జట్టు అదే పని చేసింది. తాతలు, తండ్రులు టికెట్ కొనుక్కుని వెళ్లి ఓటమి చూసి ఇంటికొచ్చిన ఊరమ్మా అది. మీవాడు వెళ్లిన కొద్దిరోజుల్లోనే వాళ్ల సంతోషంలో వాడికీ వాటా దొరికింది. పరాయి ఊళ్లో ఒంటరిగా గదిలో ఉండే పిల్లాడు "గెలిచాం" అన్నాడంటే, ఆ "మనం" అనే మాట వాడికి అక్కడ దొరికిందన్నమాట. నాకైతే ఇది మంచి కబురే అనిపిస్తోంది.

చదువు సంగతి అంటారా, సొంత ఊళ్లో ఆటలుండేది ఏడాదికి ఏడెనిమిది శనివారాలు. దానివల్ల ఎమ్మెస్ పోదు. ఈసారి ఫోన్లో మార్కుల కంటే ముందు ఆట గురించి అడగండి, వాడే గంటసేపు మాట్లాడతాడు, మిగతావి కూడా ఆ మాటల్లోనే బయటికొస్తాయి.

ప్రశ్న: పేరు ఫుట్‌బాల్, ఆడేది చేతులతో. హెల్మెట్లు పెట్టుకుని గుద్దుకుంటారు, నిమిషానికోసారి ఆగిపోతారు. ఒక్క ముక్క అర్థం కావడం లేదు, తేలిగ్గా చెప్పండి.
– ఇంజనీరింగ్ విద్యార్థి, వరంగల్

జవాబు: తమ్ముడూ, మనకి ఫుట్‌బాల్ అంటే హైదరాబాద్ రహీమ్ సాబ్ నేర్పిన ఆట, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చిన ఆట. ఇది వేరు. మైదానం 100 గజాలు, ఒక్కో వైపు 11 మంది. బంతి ఉన్న జట్టుకి నాలుగు ప్రయత్నాలు ఇస్తారు, ఆ నాలుగింటిలో పది గజాలు ముందుకెళ్లాలి. వెళ్తే మళ్లీ నాలుగు, వెళ్లకపోతే బంతి అవతలివాళ్లది. కూతకెళ్లినవాణ్ణి కబడ్డీలో పట్టి పడేసినట్టు, బంతి ఉన్నవాణ్ణి పడేస్తే ఆ ప్రయత్నం అయిపోయినట్టే, అందుకే ఆట మాటిమాటికీ ఆగుతుంది. బంతిని చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్, దానికి ఆరు పాయింట్లు, ఆపైన ఇంకొకటో రెండో తెచ్చుకునే అవకాశం. కాలితో తన్ని స్తంభాల మధ్య నుంచి పంపితే మూడు. ఎవరికి విసరాలో, ఎప్పుడు పరిగెత్తాలో ఆ క్షణంలో తేల్చుకునేవాడు క్వార్టర్‌బ్యాక్, ముందు అతని మీదే కళ్లు పెట్టి చూడు. రెండు ఆటలు చూస్తే అలవాటైపోతుంది.

ప్రశ్న: రెండేళ్లలో అట్టడుగు నుంచి ఛాంపియనా? ఇప్పుడక్కడ కాలేజీ ఆటగాళ్లకి డబ్బులిస్తున్నారట, జట్లు మారిపోతున్నారట. డబ్బు పెట్టి జట్టును కొనుక్కున్నారు, ఇందులో గొప్పేముంది?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: డబ్బు మాట నిజమే. 2021 నుంచి ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ మీద సంపాదించుకోవచ్చు, 2025 జులై నుంచి కాలేజీలే నేరుగా ఇవ్వొచ్చు, మొదటి ఏడాది ఒక్కో కాలేజీ తన ఆటగాళ్లందరికీ కలిపి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా. కాలేజీ మారితే ఏడాది ఖాళీగా కూర్చోవాలన్న పాత నిబంధనా పోయింది. కానీ ఈ తలుపులు అందరికీ తెరుచుకున్నాయి కదండీ. ఇండియానా కంటే పేరూ డబ్బూ ఉన్న కాలేజీలు చాలా ఉన్నాయి, అవన్నీ ఎందుకు 16కి 16 గెలవలేదు? వీళ్లు ఎవర్ని తెచ్చుకున్నారో చూడండి.

కోచ్ కర్ట్ సిగ్నెట్టి. అలబామా యూనివర్సిటీలో నిక్ సేబన్ అనే మహా కోచ్ దగ్గర సహాయకుడిగా ఉండి, జాతీయ టైటిల్ కూడా చూసి, 2011లో ఆ ఉద్యోగం వదిలేసి తక్కువ జీతానికి ఒక రెండో శ్రేణి కాలేజీకి హెడ్ కోచ్‌గా వెళ్లాడు. అది పెన్సిల్వేనియాలో ఇండియానా అనే ఊరు (రాష్ట్రం కాదు, ఊరి పేరే అది), వాళ్ల నాన్న ఏళ్ల తరబడి కోచ్‌గా పనిచేసిన చోటు. అప్పటికి ఆయనకి దాదాపు యాభై ఏళ్లు. అక్కణ్ణుంచి ఎలాన్ అనే కాలేజీ, తర్వాత జేమ్స్ మాడిసన్ అనే కాలేజీ, ఒక్కో మెట్టూ గెలుచుకుంటూ 2023 చివర్లో ఇండియానా యూనివర్సిటీకి వచ్చాడు. తనతో పాటు జేమ్స్ మాడిసన్ ఆటగాళ్లని పదిమందికి పైగా తెచ్చుకున్నాడు. పెద్ద కాలేజీలు స్కూల్లో ఉన్నప్పుడు పట్టించుకోని కుర్రాళ్లు వీళ్లు. మొదటి ఏడాదే 11 గెలిచారు, రెండు ఓడారు.

రెండో ఏడాది క్వార్టర్‌బ్యాక్‌గా ఫెర్నాండో మెండోజా వచ్చాడు. మయామీ కుర్రాడు, తాతలూ అమ్మమ్మా నాన్నమ్మా అందరూ క్యూబాలో పుట్టినవాళ్లే. ఇతనికీ మొదట పెద్ద పిలుపులు రాలేదు, యేల్‌కి వెళ్దామనుకుని చివరికి కాలిఫోర్నియాలో బర్క్లీకి ఆడాడు. అలాంటివాడు 2025 డిసెంబర్‌లో హైస్మన్ ట్రోఫీ గెలిచాడు. దేశంలోకెల్లా ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే బహుమతి అది, ఇండియానాకి రావడం అదే మొదలు.

ఇది సంతలో ఖరీదైన ఎద్దుల్ని కొన్నట్టు కాదు. ఎవరూ చూడని పశువును చూసి, పళ్లు లెక్కపెట్టి, నడక చూసి తెచ్చుకున్నట్టు. సిగ్నెట్టి కుర్రాడి పేరు కంటే అతను మైదానంలో నిజంగా ఎంత ఆడాడన్నది చూస్తాడు. అలా ఏరుకున్న జట్టు జనవరి 1న రోజ్ బౌల్ అనే పెద్ద ఆటలో అదే అలబామాని 38-3తో ఓడించింది, తర్వాత ఓరెగాన్‌ని 56-22తో. డబ్బు అవసరమే, కాదనను. కానీ ఆ కన్ను డబ్బుకి రాదు.

ప్రశ్న: ఈ సీజన్ మొత్తంలో ఏ ఆట చూడమంటారు? వారాంతం ఒక్కటే ఖాళీ.
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డాలస్

జవాబు: రెండు చూడండి. ఒకటి నవంబర్ 8న పెన్ స్టేట్ మీద, లక్షమందికి పైగా పట్టే వాళ్ల స్టేడియంలో. ఇండియానా అంతకుముందు అక్కడ ఎప్పుడూ గెలవలేదు. రెండు నిమిషాల్లోపే ఉంది, నాలుగు పాయింట్లు వెనక, 80 గజాలు పోవాలి, మొదటి ప్రయత్నంలోనే మెండోజాని వెనక్కి పడేశారు. అయినా ఒక్కో పాస్‌తో లాక్కొచ్చి, చివర్లో వెనక గీత దగ్గరికి విసిరితే ఒమర్ కూపర్ గాల్లోకి లేచి పట్టుకుని, ఒక్క కాలి మునివేళ్లు మాత్రం గీత లోపల ఆనించి బయటికి పడ్డాడు. 27-24. ఆ ఒక్క క్యాచ్‌నే నేను ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూశానో. అది జారి ఉంటే 16-0 ఉండేదో లేదో.

ఒహాయో స్టేట్ మీద 1988 తర్వాత మొదటిసారి గెలిచిన బిగ్ టెన్ ఫైనల్ కూడా ఉంది, 13-10. టైముంటే చూడండి, కానీ రెండోది మాత్రం జాతీయ ఫైనలే. అవతల మయామీ యూనివర్సిటీ జట్టు, ఆడింది కూడా మయామీ సొంత స్టేడియంలో. సగానికి 10-0 ముందున్నారు, తర్వాత మయామీ వెంటపడింది. మధ్యలో మికైల్ కమారా అనే ఆటగాడు మయామీవాళ్లు తన్నిన బంతిని అడ్డుకుంటే అదే టచ్‌డౌన్ అయింది. ఈ కమారా జేమ్స్ మాడిసన్ నుంచి కోచ్ వెంట వచ్చినవాళ్లలో ఒకడు.

ఇక నాలుగో భాగంలో 17-14. నాలుగో ప్రయత్నం, ఇంకో నాలుగు గజాలు కావాలి. బంతిని తన్ని మూడు పాయింట్లు తీసుకుందామని తన్నేవాణ్ణి పంపారు. అంతలో సిగ్నెట్టి టైమ్‌అవుట్ అడిగి, వాళ్లని వెనక్కి పిలిచి మెండోజాని మళ్లీ పంపాడు. మెండోజా విసరలేదు. మధ్యలోంచి తనే దూరాడు, ఒకణ్ణి గుద్దుకున్నాడు, తిరిగాడు, ఇంకొకణ్ణి గుద్దుకున్నాడు, బంతి చాచి పట్టుకుని గీత మీదుగా దూకాడు. పన్నెండు గజాలు. ఆట 27-21తో ముగియడానికి ఇంకా తొమ్మిది నిమిషాలుంది, మయామీ మళ్లీ మూడు పాయింట్ల దగ్గరికొచ్చింది, చివరి నిమిషంలో జమారీ షార్ప్ వాళ్ల పాస్‌ని పట్టేసేదాకా ఎవరికీ ఊపిరాడలేదు. ఆ షార్ప్ సొంత ఊరు కూడా మయామీయే.