ఇంగువ నిజంగా ఆరోగ్యానికి మంచిదా? వంటలో ఎలా వాడాలి?

మంచిదే. కాకపోతే మీ డబ్బాలో ఇంగువ ఎంత, పిండి ఎంత అన్నది ముందు చూసుకోండి.

మా ఆడపడుచుకి గోధుమ పడదని డాక్టర్ తేల్చారు. చపాతీలు, బ్రెడ్డు, బిస్కెట్లు అన్నీ మానేసింది. అయినా కడుపుబ్బరం తగ్గదు. ఓసారి మా ఇంటికొచ్చినప్పుడు నేను పప్పులోకి పోపు పెడుతుంటే ఇంగువ డబ్బా తీసుకుని తిప్పి తిప్పి చూసింది. చీమ తలకాయంత అక్షరాలు. కళ్లజోడుతో కూడా కనపడక ఫోన్ లైటు వేసి చదివింది: గోధుమ పిండి, జిగురు, ఆ తర్వాతెక్కడో ఇంగువ. "వదినా, రోజూ పోపులో నేను తింటున్నది ఇదా!" అంది. బియ్యప్పిండి కలిపిన రకానికి మారాక ఉబ్బరం సర్దుకుంది. కారణం అదేనని నేను గట్టిగా చెప్తాను.

అసలు ఇంగువంటే ఫెరులా జాతి మొక్క వేరుకి గాటు పెడితే కారే పాలు గట్టిపడిన బంక. ఎక్కువగా అఫ్గానిస్తాన్, ఇరాన్, ఉజ్బెకిస్తాన్‌ల నుంచి వస్తుంది. ముడిది భరించలేనంత ఘాటు, అందుకే పిండి కలుపుతారు. అది మోసం కాదు, చట్టం ఒప్పుకున్నదే. ఆ పిండి పేరు భూతద్దం పెట్టి వెతుక్కోవాల్సి రావడమే నాకు మండేది. మన దేశంలో 2020 అక్టోబర్‌లో హిమాచల్‌లోని లాహౌల్ లోయలో సాగు మొదలుపెట్టారు. మొక్క చేతికి రావడానికే ఐదేళ్లు కావాలి, కాబట్టి దిగుమతుల అవసరం అంత త్వరగా పోయేది కాదు.

వాడకం సులువే. పోపు వేగాక, స్టవ్ ఆపేసి, ఆ వేడి నూనెలోనో నేతిలోనో చిటికెడు వేయండి. మాడితే చేదెక్కుతుంది. నూనె తగలకుండా నేరుగా చల్లితే పచ్చివాసన పోదు. సరిగ్గా వేగితే ఉల్లి, వెల్లుల్లి లాంటి రుచి వస్తుంది, అవి తినని ఇళ్లలో దీన్ని వదలనిది అందుకే. మూత గట్టిగా బిగించండి, లేదంటే పక్కనున్న టీపొడి కూడా ఇంగువ వాసనే.

పప్పు, శనగలు తిన్నాక వచ్చే గ్యాస్‌కి నా ఓటు దీనికే. పరగడుపున ఇంగువ నీళ్లు తాగితే పొట్ట కరుగుతుందనే వీడియోలు మాత్రం శుద్ధ దండగ. గర్భిణులు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు కూరలో చిటికెడుతో ఆగండి, అంతకు మించి మందులా మింగాలంటే డాక్టర్‌ని అడగాల్సిందే.