పాప్‌అప్ కార్డుల పని మొదలుపెట్టిన అమ్మాయికి

నల్లకుంట, హైదరాబాద్.

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

కంప్యూటరులో గీసిన ఆకారాన్ని బ్లేడుతో కాగితం మీద కత్తిరించే క్రికట్ ఎక్స్‌ప్లోర్ మెషీను నువ్వు కొన్నావనీ, దసరా నాటికి నీ చేతి కార్డులు నలుగురికీ అమ్మాలని అనుకుంటున్నావనీ మీ అమ్మ చెప్పింది. తెరవగానే లోపలినుంచి చార్మినారో బతుకమ్మో లేచి నిలబడే కార్డులు ఎలా చేయాలని నువ్వు అడిగావు. ఫోనులో చెబితే సగం మరిచిపోతావు కాబట్టి రాసి పంపుతున్నాను. మెషీను మీటల గురించి చెప్పే వీడియోలు నీకు కావలసినన్ని దొరుకుతాయి. వాటిలో తక్కువగా కనబడేది మడత గురించిన వివరం, అందుకే ఈ ఉత్తరంలో ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను.

మొదటి సంగతి. ఇలాంటి కార్డును తెరిచి ఉన్న రూపం ఊహించుకుని గీయడం మొదలుపెట్టకూడదు, మూసి ఉన్న రూపంతో మొదలుపెట్టాలి. తెరిచినప్పుడు ఎంత అందంగా నిలబడినా, మూసినప్పుడు అంచు బయటికి పొడుచుకొస్తే ఆ కార్డు కవరులో పట్టదు. అన్నిటికన్నా తేలికైన రకాన్ని తీసుకో. ఒకే కాగితాన్ని మధ్యకు మడిచి, మడతకు అడ్డంగా రెండు సమాంతర గాట్లు పెట్టి, కార్డును లంబకోణంలో తెరిచి ఆ మధ్య పట్టీని ముందుకు నెడితే చిన్న పెట్టెలా నిలబడుతుంది. జపాన్‌కు చెందిన ఆర్కిటెక్ట్ మసహిరో చతాని 1980ల తొలినాళ్లలో ఈ పద్ధతితో పెద్దపెద్ద భవనాల నమూనాలే కాగితంలో నిలబెట్టాడు. గాట్లు మధ్యమడతకు పైన 6 సెం.మీ., కింద 4 సెం.మీ. పోయాయనుకుందాం. అప్పుడు ఆ పెట్టె ముందు గోడ 6 సెం.మీ. ఎత్తు, పైకప్పు 4 సెం.మీ. లోతు ఉంటుంది, కొత్త మడత గీత గాటు పైకొన నుంచి 4 సెం.మీ. దిగువన పడాలి. మూసినప్పుడు ఆ పెట్టె అంచు మధ్యమడత నుంచి సరిగ్గా 10 సెం.మీ. దూరం చేరుతుంది, అంటే ఎత్తూ లోతూ కలిపిన కొలత. నీ కార్డు పుట 15 సెం.మీ. ఉంటే నిశ్చింత. అదే 10 సెం.మీ. ఎత్తు, 7 సెం.మీ. లోతు పెట్టుకుంటే రెండు సెంటీమీటర్లు కార్డు దాటి బయటికి వస్తుంది. ఈ కూడిక చేయకుండా ఏ గీతా మెషీనుకు పంపవద్దు.

చార్మినార్‌కు ఈ పెట్టె పద్ధతి సరిపోదు. దానికి కార్డు పూర్తిగా పరుచుకున్నప్పుడు నిటారుగా నిలబడే మడత కావాలి. మధ్యమడత నీ దగ్గరినుంచి ఎదుటివైపుకు సాగేలా కార్డు పరిచి, రెండు గోడలు కలిసే మూల మీనారు మధ్యమడత మీద నీవైపుకు వచ్చేలా, గోడలు రెండూ చెరో పుట మీద 45 డిగ్రీల కోణంలో వెనక్కి పోయేలా అతికించాలి. అప్పుడు చూసేవారికి రెండు గోడలు, మూడు మీనార్లు కనబడతాయి. 1591లో కట్టిన ఆ కట్టడానికి నాలుగు వైపులా నాలుగు కమానులు ఉన్నాయి కదా, నాలుగు గోడలూ పెడదామని నీకు తప్పకుండా అనిపిస్తుంది. పెట్టకు. కార్డు మూస్తున్నప్పుడు ముందరి జత గోడలు నీవైపు వాలతాయి, వెనకటి జత అటువైపు వాలబోతుంది. రెండు జతలూ పక్క మూలల్లో అతుక్కుని ఉంటాయి కాబట్టి ఆ లాగులాటలో కార్డు మూసుకోదు, బలవంతం చేస్తే కాగితం చిరుగుతుంది. నాలుగో మీనారు లేదని ఇప్పటివరకు నన్ను ఎవరూ అడగలేదు.

ఇక్కడ కూడా మూసిన రూపాన్నే లెక్క వేసుకోవాలి. ఈ బొమ్మ మూసినప్పుడు ఏటవాలుగా పడుకుంటుంది. 45 డిగ్రీల కోణంలో అతికించిన 10 సెం.మీ. ఎత్తు మీనారు కొన, మధ్యమడత వెంట నీవైపుకు సుమారు 7 సెం.మీ., పుట మీదికి మరో 7 సెం.మీ. జరుగుతుంది. అందువల్ల మూల మీనారు అడుగును కార్డు కింది అంచుకు 5 సెం.మీ. దూరంలోనే అతికిస్తే కొన రెండు సెంటీమీటర్లు బయటపడుతుంది. అడుగును కనీసం 8 సెం.మీ. లోపలికి పెట్టు. గోడ వెడల్పు 5 సెం.మీ. అయితే పక్క మీనారు కొన మధ్యమడత నుంచి పదిన్నర సెంటీమీటర్ల దాకా పోతుందని కూడా గుర్తుంచుకుని, పుట వెడల్పు అంతకన్నా ఎక్కువ ఉండేలా చూసుకో. మీనార్ల సన్నని మెడలు, చిటారున ఉండే మొగ్గలు నిజమైన నిష్పత్తిలో గీస్తే తెగిపోతాయి. ఏ భాగమూ 2 మి.మీ. కంటే సన్నగా ఉండనివ్వకు. 1889లో అమర్చిన గడియారాన్ని మాత్రం కత్తిరించే ప్రయత్నం చేయవద్దు, మెషీనులో బ్లేడుకు పక్కనున్న బిగింపులో పెన్ను పెట్టి గీయించు.

బతుకమ్మకు నేను సూచించేది గాట్లలో గాట్లు దూర్చి నిలబెట్టే పలకల పద్ధతి. గోపురం ఆకారపు పలకలు కొన్ని ఒక దిక్కుకు, కొన్ని దానికి అడ్డంగా నిలుస్తాయి. ఒక వరుస పలకలకు పైనుంచి సగం ఎత్తు దాకా, రెండో వరుస పలకలకు కిందినుంచి సగం ఎత్తు దాకా గాటు ఉండాలి. ఆ గాటును ఒంటి గీతగా గీస్తే కాగితం దూరదు, దూరినా ఉబ్బి బొమ్మ వంకర పోతుంది. 180 జీఎస్‌ఎం (అంటే చదరపు మీటరుకు 180 గ్రాములు తూగే) కాగితానికి అర మిల్లీమీటరు వెడల్పున్న సన్నటి దీర్ఘచతురస్రంగా గీస్తే సరిగ్గా కూర్చుని, మూసినప్పుడు సులువుగా కదులుతుంది. ఒక దిక్కు పలకలు తంగేడు పసుపులో, రెండో దిక్కువి గునుగు తెలుపులోనో బంతి నారింజలోనో కత్తిరిస్తే, కార్డును అటూ ఇటూ తిప్పినప్పుడు రంగు మారుతూ కనబడుతుంది. బొమ్మను కార్డుకు మడతకు ఇరువైపులా ఒక్కొక్క చోట, అంటే రెండు చోట్లే అతికించు. ప్రతి పలకనూ అడుగుకు అంటిస్తే అది మడుచుకోదు. ఈ పద్ధతి కష్టంగా కనిపిస్తుంది గాని, నా అనుభవంలో చార్మినార్ కంటే ఇదే తేలిక.

ఏ బొమ్మ అయినా సరే, మొదట మామూలు ఎ4 తెల్లకాగితం మీద పెన్సిలుతో గీసి, కత్తెరతో కత్తిరించి, మడిచి మూసి చూడు. బయటికి వచ్చిన భాగాన్ని మూసి ఉండగానే కత్తిరించేసి, మళ్లీ తెరిచి ఆ ఆకారాన్ని కంప్యూటరులోకి ఎక్కించు. ఇది పాతకాలపు పద్ధతి అని నవ్వుకుంటావేమో, కానీ తెరపై ఎంతసేపు కొలతలు సర్దినా తెలియనిది ఈ చిత్తుకాగితం అరగంటలో చెబుతుంది.

ఇక తెలుగు అక్షరాల సంగతి, ఇది ఇంగ్లీషు వీడియోలలో నీకు దొరకదు. మన లిపిలో ఒకదానికొకటి అంటకుండా ఉండే భాగాలు ఎక్కువ. చాలా ఫాంట్లలో ప, స, హ వంటి అక్షరాలకు తలకట్టు విడిగా ఉంటుంది, ఒత్తులు కింద విడిగా ఉంటాయి. శుభాకాంక్షలు అన్న ఒక్క మాటనే తీసుకుంటే, భ కింది గీత కొన్ని ఫాంట్లలో విడివడి ఉంటుంది, సున్న అయితే ఏ ఫాంటులోనైనా ఒంటరి వలయమే. అలాగే కత్తిరిస్తే మ్యాట్ (మెషీనులోకి పంపేందుకు కాగితం అంటించే జిగురు పలక) మీద ముక్కలు మిగులుతాయి, మాట మిగలదు. పైగా మెషీనును నడిపే క్రికట్ వారి సాఫ్ట్‌వేర్ డిజైన్ స్పేస్‌లో నేరుగా తెలుగు టైపు చేస్తే గుణింతాలూ ఒత్తులూ చెదిరిపోవచ్చు. ఉచితంగా దొరికే బొమ్మల సాఫ్ట్‌వేర్ ఇన్‌స్కేప్‌లో లావుపాటి ఫాంటుతో టైపు చేసి, అక్షరాలను గీతలుగా మార్చి, తలకట్టునూ ఒత్తునూ కొద్దిగా జరిపి అక్షరానికి తాకించి, అన్నిటినీ ఒకే ఆకారంగా కలిపి, ఎస్‌వీజీ (గీతల రూపంలో దాచే ఫైలు) గా భద్రపరచి అప్పుడు మెషీనుకు ఇవ్వు. సున్నను పక్క అక్షరానికి ఆనించడం ఇష్టం లేకపోతే మాట మొత్తానికి అడుగున ఒక పట్టీ గీయవచ్చు. అక్షరాలను రంధ్రాలుగా కత్తిరించాలనుకుంటే చిక్కు తలకిందులవుతుంది. అప్పుడు సున్న లోపలి గుండ్రం ఊడి పడుతుంది కాబట్టి దాన్ని పట్టి ఉంచే చిన్న వంతెనలు వదలాలి.

మడత గీతలకు మెషీను ఎ బిగింపులో (పెన్ను పెట్టే చోటే) స్కోరింగ్ స్టైలస్, అంటే కోయకుండా గాడి మాత్రం పెట్టే మొద్దుకొన పుల్ల, బి బిగింపులో బ్లేడు పెట్టుకుంటే రెండు పనులూ ఒకే దఫాలో అయిపోతాయి. స్కోరింగ్ వీల్ (గాడి పెట్టే చక్రం) అందంగా గీస్తుందని ఎవరైనా చెబితే వెంటనే కొనకు, అది క్రికట్ వారి మేకర్ మోడలుకే పనిచేస్తుంది. డిజైన్ స్పేస్‌లో మడత గీతలను బొమ్మతో అటాచ్ చేయడం మరిచిపోతే మెషీను వాటిని విడిగా మరో మూల గీసి పెడుతుంది. స్టైలస్ గాడి పడిన వైపు మడతకు బయట, ఉబ్బిన వైపు లోపల ఉండడం మంచి పద్ధతి. ఒకే కాగితంలో లోపలి మడతా బయటి మడతా రెండూ ఉన్నప్పుడు ఇది కుదరదు, 200 జీఎస్‌ఎం లోపు కాగితానికి ఆ తేడా పెద్దగా కనబడదు కూడా. ప్రతి మడతనూ గోటితో కాక ఎముక పనిముట్టుతోనో, ఖాళీ బాల్‌పెన్ను వెనక భాగంతోనో నొక్కి పదును పెట్టు.

కాగితం విషయంలో కార్డు వెలుపలికి 250 జీఎస్‌ఎం, లోపల నిలబడే బొమ్మకు 160 నుంచి 200 జీఎస్‌ఎం వాడుకో. కాగితానికి ఒక పోగు దిశ ఉంటుంది. రెండు వైపులా మెల్లగా వంచి చూస్తే ఏ వైపు తక్కువ పట్టు ఇస్తుందో అది పోగు వెంట వంగుతున్నట్టు, ప్రధాన మడత ఆ దిశలోనే రావాలి, లేకపోతే మడత మీద కాగితం పగిలినట్టు కనబడుతుంది. ముదురు రంగు కాగితం కొనేటప్పుడు ఒక మూల చించి చూడు. లోపల తెల్లగా ఉంటే ప్రతి మడతలోనూ ప్రతి అంచులోనూ ఆ తెలుపు బయటపడుతుంది. శుభలేఖల అచ్చుపనికి పేరున్న ఛత్తా బజార్‌కు ఒక మధ్యాహ్నం వెళ్లి, పెద్ద షీట్లు చేత్తో తాకి చూసి, నీ మ్యాట్ కొలతకు, అంటే 12 అంగుళాల చదరానికి కోయించుకుని రా. ఇంట్లో కూర్చుని ఫోటోలు చూసి కాగితం తెప్పించుకోవడం నాకు నచ్చని పని.

వానాకాలంలో మన ఊరి గాలిలో తేమకు కాగితం మెత్తబడి, బ్లేడు కోయకుండా అంచును పీకుతుంది. షీట్లను సిలికా జెల్ పొట్లాలతో మూత బిగుసుకునే డబ్బాలో ఉంచు. కార్డ్‌స్టాక్‌కు, అంటే మందపాటి కార్డు కాగితానికి, ఆకుపచ్చ మ్యాట్, పలుచని కాగితానికి నీలం మ్యాట్ వాడు. కొత్త మ్యాట్ జిగురు మరీ ఎక్కువ కాబట్టి శుభ్రమైన నూలు బట్టను దానిపై ఒకటి రెండు సార్లు అద్ది తీయి. కత్తిరింపు అయ్యాక కాగితాన్ని మ్యాట్ నుంచి లాగవద్దు. మ్యాట్‌ను తిరగేసి, కాగితాన్ని బల్లకు ఆనించి పట్టుకుని, మ్యాట్‌నే వెనక్కి వంచుతూ లాగితే కాగితం చుట్టుకుపోదు. బ్లేడు మొండిదయిందనిపిస్తే పారేసే ముందు అల్యూమినియం రేకు ఉండలో కొన్నిసార్లు గుచ్చి చూడు, తరచూ కాగితపు నూగే అడ్డుపడి ఉంటుంది. ఫెవికాల్ నీటి జిగురు కాబట్టి పలుచని కాగితాన్ని ముడతలు పడేలా చేస్తుంది, అతుకులకు సన్నటి డబుల్ సైడ్ టేపు మేలు.

తపాలాలో పంపే కార్డులకు ఒక లెక్క చెబుతాను. ఎ4 షీటు చదరపు మీటరులో పదహారో వంతు, కాబట్టి 250 జీఎస్‌ఎం ఎ4 షీటు ఒక్కటే పదిహేనున్నర గ్రాములకు పైన తూగుతుంది. దానికి లోపలి బొమ్మా కవరూ కలిస్తే ఉత్తరాలకు ఉన్న 20 గ్రాముల మొదటి మెట్టు దాటిపోతుంది. తూచకుండా స్టాంపు అంటించవద్దు, ఆ ఖర్చును ధరలో ముందే కలుపుకో. ధర కట్టేటప్పుడు మెషీను కోసిన నిమిషాలు కాక, నువ్వు మడిచి అతికించిన సమయాన్నే లెక్క వేయి, అసలు పని పట్టేది అక్కడే. ఒకేసారి యాభై కార్డుల ఆర్డరు వస్తే పలకల బతుకమ్మకు ఒప్పుకోకు, పెట్టె మడతతో చేసేదాన్ని చూపించు.

ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికిన డిజైన్లలో చాలావరకు సొంత వాడకానికి మాత్రమే ఇచ్చినవి ఉంటాయి. వాటితో చేసిన కార్డును మీ పిన్నికి ఇవ్వవచ్చు, అమ్మకూడదు. అమ్మే ప్రతి డిజైనుకూ దాని షరతులు చదువు, లేదా నువ్వే గీయి. చార్మినార్ చిత్తుకాగితం మీద కుదిరాక, మూసినప్పుడూ తెరిచినప్పుడూ తీసిన రెండు ఫోటోలు నాకు వాట్సాప్‌లో పంపు.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ