ఎడిటర్‌కి డబ్బు కట్టే ముందు

అమ్మలూ,

నవల పూర్తయిందని రాశావు, చాలా సంతోషం. పబ్లిషర్‌కి పంపే ముందు డబ్బిచ్చి ఎవరైనా ఎడిటర్ చేత దిద్దించాలా అని అడిగావు. ఇప్పుడే వద్దు. ఎప్పటికీ వద్దని మాత్రం అనను.

నా మొదటి నవలకి నేను ఆ పనే చేశాను. తిప్పి పంపేస్తారేమోనన్న టెన్షన్‌తో చేశాను. ఆ ఎడిటర్ మంచి పనివాడే. ఒత్తులు, దీర్ఘాలు, పేరాలు అన్నీ చక్కగా సరిచేసి ఇచ్చాడు. ఆ ప్రతి పంపితే మూడు నెలలకి తిరిగొచ్చింది, 'మధ్యలో కథ కదలడం లేదు' అన్న ఒక్క వాక్యంతో. నిజమే. నాలుగు అధ్యాయాల పాటు మా హీరో ఉద్యోగం మానెయ్యాలా వద్దా అని ఆలోచిస్తూనే ఉంటాడు. అక్షరదోషం ఒక్కటి లేకుండా ఆలోచిస్తాడు! ఇందులో ఎడిటర్ తప్పేం లేదు. తప్పులు దిద్దమన్నాను, దిద్దాడు. నా రాతప్రతికి పట్టిన రోగం వేరు.

ఎడిటింగ్ అని ఒకే మాట వాడతాం గానీ అందులో నాలుగు రకాల పనులున్నాయి. కథ ఎక్కడ మొదలవ్వాలి, ఏ పాత్ర అనవసరం, ఏ అధ్యాయం తీసెయ్యాలి అని చూసేది డెవలప్‌మెంటల్ ఎడిటింగ్. వాక్యం వాక్యం పట్టుకుని నడక సరిచేసేది లైన్ ఎడిటింగ్. భాషాదోషాలు, పేర్లు, తేదీల పొంతన చూసేది కాపీ ఎడిటింగ్. పేజీలు కట్టాక చివర్న అచ్చుతప్పులు చూసేది ప్రూఫులు. పుస్తకం తీసుకున్న మంచి పబ్లిషర్ వీటికి నీ దగ్గర డబ్బు అడగడు, తన ఖర్చుతోనే చేయిస్తాడు. పంపకముందే ప్రూఫులకి డబ్బు పెట్టడమంటే ఇల్లు కట్టకముందే సున్నం వేయించడం. రేపు వాళ్ళు సగం తిరగరాయమంటే ఆ దిద్దుబాట్లన్నీ బూడిదలో పోసిన పన్నీరే.

అమెరికన్ రచయిత్రి హార్పర్ లీ సంగతి చూడు. 1957లో లిపిన్‌కాట్ సంస్థకి ఆమె ఇచ్చిన రాతప్రతి అచ్చుకి సిద్ధంగా లేదు. ఆ సంస్థ ఎడిటర్ టే హోహాఫ్ రెండేళ్ళకు పైగా దగ్గరుండి తిరగరాయించింది. 1960లో అది 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్' పేరుతో పుస్తకంగా వచ్చింది, 1961లో పులిట్జర్ బహుమతి అందుకుంది. అందరికీ అంత ఓపికున్న ఎడిటర్ దొరకదులే. అందుకే నీ చేతిలో ఉన్న పని నువ్వు ముందు చెయ్యాలి.

ఒక నెల రాతప్రతిని ముట్టుకోకు. తర్వాత ప్రింటు తీసి పైకి చదువు. నాలుక ఎక్కడ తడబడితే అక్కడ పెన్సిలు గీత పెట్టు. నువ్వు పంపిన పేజీల్లో ఒక వాక్యం ఉంది: 'అతను తన చేతిలో ఉన్న ఉత్తరాన్ని తన జేబులో పెట్టుకుని బాధగా, దుఃఖంగా నిట్టూర్చాడు.' చెయ్యి ఎవరిదో తెలుసు, జేబు ఎవరిదో తెలుసు. పై పేరాలోనే వాళ్ళమ్మ పోయినట్టు ఆ ఉత్తరంలో చదివాం. 'ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు' చాలు. ఇలాంటివి వంద నువ్వే పట్టుకోగలవు. డబ్బిచ్చి వేరేవాళ్ళ చేత పట్టిస్తే రెండో నవల్లో మళ్ళీ అవే రాస్తావు.

ఆ తర్వాత ఇద్దరు ముగ్గురికి ఇయ్యి. మొహమాటపడే వాళ్ళకి వద్దు. 'బాగుందా?' అని అడిగితే బాగుందనే అంటారు. 'ఏ పేజీ దగ్గర పక్కన పెట్టేశారు?' అని అడుగు. ముగ్గురూ ఒకే చోట ఆపితే జబ్బు అక్కడే ఉంది.

ఇదంతా అయ్యాక పంపు. వరసగా తిరిగొస్తూ, ఎందుకో నీకు అంతుపట్టకపోతే అప్పుడు ఎడిటర్‌ని వెతుకు. (సొంతంగా అచ్చు వేసుకుంటానంటే మాత్రం ఎడిటర్ ఉండి తీరాలి, అక్కడ ఇంకెవరూ చూడరు.) అప్పుడైనా మొత్తం దిద్దమనకు. చదివి, లోపాలేమిటో నాలుగు పేజీల్లో రాసివ్వమను. అది తక్కువలో అవుతుంది, తిరగరాసే పని నీకే మిగులుతుంది. నీలాంటి నవలలు ఇదివరకు చేశాడో లేదో కనుక్కో. ముందు ఓ పది పేజీలు చేయించి చూడు. దిద్దాక అందులో నీ గొంతు వినిపించకపోతే, ఎంత అందంగా ఉన్నా వద్దను. ఏ పని, ఎన్నిసార్లు, ఎప్పటికల్లా అన్నది కాగితం మీద పెట్టుకో. అచ్చు గ్యారంటీ అనేవాణ్ణి నమ్మకు. 'మీ నవల నచ్చింది, మా ఎడిటర్‌కి ఫీజు కట్టి దిద్దించుకుంటే వేస్తాం' అన్న పబ్లిషర్‌కి ఓ దండం పెట్టి వచ్చెయ్యి.

అన్నట్టు, మూడో అధ్యాయంలో తాతయ్యని చంపేశావు. ఏడో అధ్యాయంలో ఆయన అరుగు మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు. చూసుకో.

మావయ్య