ఇంట్లో చేసే జ్యూస్ గమ్మీలు.. రెండున్నరేళ్ల పాపకు పెట్టొచ్చా?

ప్రశ్న: మా బాబుకు ఐదేళ్లు, పాపకు రెండున్నరేళ్లు. ఇద్దరూ షాపులో గమ్మీలు కనిపిస్తే చాలు, మారాం చేస్తారు. వాటిలో రంగులు, చక్కెర ఎక్కువని మాన్పించాలనుకుంటున్నాను. ఈ సెలవుల్లో పిల్లలతో కలిసి ఇంట్లోనే పండ్ల రసంతో చేద్దామని ఉంది. మేం శాకాహారులం. జెలటిన్ బదులు చైనా గ్రాస్ వాడొచ్చా? బాబు పండ్లు అసలు ముట్టడు, వాటి బదులు ఇవి పెడితే సరిపోతుందా? పాపకూ పెట్టొచ్చా? పనిలో పనిగా విటమిన్ సిరప్ అందులోనే కలిపేయొచ్చా?
– ఓ సోదరి, కరీంనగర్

జవాబు: మీ ప్రశ్నల్లో పాప గురించి అడిగినదానికి ముందు జవాబు చెబుతానమ్మా, మిగతావి తర్వాత చూద్దాం. పాపకు గమ్మీని ముక్కగా పెట్టకండి. నాలుగేళ్లు నిండేదాకా ఆగండి. ఈ వయసులో వెనక దంతాలు ఇంకా పూర్తిగా రావు, బాగా నమిలి మింగడం అలవాటు కాదు. శ్వాసనాళం చూస్తే దాదాపు వాళ్ల చిటికెన వేలంతే ఉంటుంది. నున్నగా, జారుడుగా ఉన్న ముక్క నమలకముందే గొంతులోకి జారిందంటే బిరడాలా బిగుసుకుంటుంది. పల్లీలు, కోయని ద్రాక్షపండ్లతో ఎంత భయమో దీనితోనూ అంతే. ఇంట్లో చేసిందే కదా అన్న ధీమా వద్దు. రంగులు లేనంత మాత్రాన ముక్క ఆకారం మారదు కదా.

అలాగని అన్న తింటుంటే పాప చూస్తూ కూర్చోవాలా? అక్కర్లేదు. అదే రసంలో చైనా గ్రాస్ పొడి సగమే వేసి, చిన్న గిన్నెలో మెత్తగా గడ్డకట్టించండి. చెంచాతో బాగా చిదిపి, కూర్చోబెట్టి మీరే తినిపించండి. బాబుకు కూడా గుండ్రటి అచ్చులు వద్దు. పళ్లెంలో పలచగా పోసి, సన్నని పట్టీల్లా కోసి ఇవ్వండి. ‘ఆడుకుంటూ తింటున్నాడు డాక్టర్, ఉన్నట్టుండి దగ్గు మొదలైంది’ అనే మాట నేను తరచూ వింటుంటాను. తినేటప్పుడు పరుగులు, నవ్వించడాలు, కారు ప్రయాణం ఏవీ వద్దు.

ఒకవేళ గొంతుకు అడ్డం పడితే ఏం చేయాలో ఇంట్లో అందరికీ తెలిసుండాలి. బిడ్డ గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి. దగ్గు, ఏడుపు, మాట ఏదీ బయటికి రాకపోతే మాత్రం ముందుకు వంచి, వీపు మీద రెండు రెక్కల మధ్య, అరచేతిలో మణికట్టు దగ్గరి గట్టి భాగంతో ఐదుసార్లు గట్టిగా కొట్టండి. ముక్క రాకపోతే వెనక నుంచి పట్టుకుని, బొడ్డుకు పైన పిడికిలి ఆనించి లోపలికీ పైకీ ఐదుసార్లు నొక్కండి. ఇది ఏడాది దాటిన పిల్లలకే. ఒకరు ఇది చేస్తుంటే మరొకరు 108కు ఫోన్ చేయాలి. ముక్క కనబడకుండా నోట్లో వేలు పెట్టి వెతికితే అది ఇంకా లోపలికి పోతుంది. ముక్క బయటికొచ్చి బిడ్డ కుదుటపడ్డా, తర్వాత దగ్గు, పిల్లికూతలు ఉంటే ఆస్పత్రిలో చూపించాల్సిందే.

ఇక చైనా గ్రాస్. నిరభ్యంతరంగా వాడొచ్చు. జెలటిన్‌ను జంతువుల చర్మం, ఎముకల నుంచి తీస్తారు. చైనా గ్రాస్ సముద్రపు నాచు నుంచి వస్తుంది. జెలటిన్ గమ్మీ మన ఎండలకు బయట పెడితే కరిగిపోతుంది, ఇది కరగదు. పచ్చి పైనాపిల్, బొప్పాయి, కివీ రసాల్లో ప్రొటీన్‌ను విరిచేసే ఎంజైములు ఉంటాయి కాబట్టి జెలటిన్ వాటిలో గడ్డకట్టదు. చైనా గ్రాస్ ప్రొటీన్ కాదు, దానికి ఆ ఇబ్బంది లేదు. పులుపు ఎక్కువైతే మాత్రం ఇదీ పట్టు సడలుతుంది. నిమ్మరసం వేయాలనుకుంటే పొయ్యి కట్టేశాక వేయండి.

గ్లాసు రసానికి, అంటే 250 మి.లీ.కి, ఒక చిన్న చెంచా పొడి చాలు. సగం రసంలో పొడి కలిపి రెండు మూడు నిమిషాలు మరగనిచ్చి దించండి. మిగతా సగాన్ని చివర్లో కలిపితే విటమిన్ సి కొంతైనా మిగులుతుంది. ఆ సగం ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటిది కాకూడదు, పూర్తిగా కలిసేలోపే ఉండలు కడుతుంది. బత్తాయి, దానిమ్మ, ద్రాక్ష ఏదైనా బాగుంటుంది. చక్కెర వేయకండి. పొయ్యి దగ్గర పని మీదే. మరిగే రసం ఒంటి మీద పడితే లోతుగా కాలుతుంది. పిల్లలకు బత్తాయి తొనలు ఒలవడం, రసం వడకట్టడం, గడ్డకట్టాక వేలితో నొక్కి చూడటం ఇవ్వండి. గంట కిందట నీళ్లలా ఉన్న రసం పళ్లెం కదిపితే ఒక్కటిగా వణుకుతుంటే, మీవాడి కళ్లు చూడాలి! పండంటే దూరం పోయే పిల్లలు చేతికి అంటిన రసాన్ని నాకి చూడటం ఇలాంటప్పుడే.

అందుకే ఈ పని చేయించమంటాను. అంతేగానీ గమ్మీ పండుకు బదులు కాదు. రసం తీసినప్పుడే పీచు పిప్పిలో పోయింది, మిగిలింది ఎక్కువగా తీపి నీళ్లే. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ సూచనల ప్రకారం రెండేళ్లలోపు పిల్లలకు పండ్ల రసమే వద్దు, రెండు నుంచి ఐదేళ్ల వరకు రోజుకు 125 మి.లీ. మించకూడదు. గ్లాసు రసంతో పాతిక ముక్కలు కోశారనుకోండి, ఆరు తింటే 60 మి.లీ. తాగినట్టే. ఆ రోజు వేరే జ్యూస్ వద్దు. వారానికి ఒకటి రెండుసార్లు, భోజనం తర్వాత పెట్టి, నీళ్లు పుక్కిలించమనండి. నిద్రకు ముందు వద్దు, తీపి రాత్రంతా పళ్లను అంటిపెట్టుకుంటుంది. మిగిలిన బత్తాయి తొనలు పక్కనే గిన్నెలో ఉంచండి, తినమని బతిమాలకండి.

సిరప్ మాత్రం కలపకండి. ఏ ముక్కలోకి ఎంత మందు పోయిందో ఎవరికీ తెలియదు. విటమిన్ ఎ, డి లాంటివి మోతాదు మించితే ఒంట్లో పేరుకుంటాయి. ఐరన్ ఉన్న సిరప్ అయితే ఎక్కువ మోతాదు ప్రాణం మీదికి తెస్తుంది. పైగా మందు మిఠాయి రుచిలో ఉంటుందని పిల్లలకు తెలిస్తే, రేపు సీసా చేతికందిన రోజు ఎవరూ ఆపలేరు. డాక్టర్ రాసిన సిరప్ రాసినంత, చెంచాతో విడిగానే ఇవ్వండి.

చేసినవి మూత ఉన్న డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, మూడు రోజుల్లో అయిపోయేలా చూడండి. రెండో రోజుకు అడుగున కొంచెం నీరు ఊరుతుంది. అది చైనా గ్రాస్ గుణమే. వాసన మారినా, జిగురు కట్టినా పారేయండి.