వానలో లైవ్: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా డీఎస్‌ఎన్‌జీ వ్యాన్ (లైవ్ బొమ్మను ఉపగ్రహం ద్వారా స్టూడియోకు పంపే బండి) వానకు బలహీనపడే కేయూ బ్యాండ్ తరంగాల మీద, డీవీబీ-ఎస్2 ఉపగ్రహ ప్రసార పద్ధతిలో పనిచేస్తుంది. సెట్టింగు 8పీఎస్‌కే 3/4 (ఒక్కో సింబల్‌లో, అంటే సిగ్నల్ గుర్తులో, మూడు బిట్లు; పంపే ప్రతి నాలుగు బిట్లలో మూడు అసలు డేటా, మిగతాది తప్పులు దిద్దే కోడ్), సెకనుకు 5 మెగాసింబల్స్ (50 లక్షల సింబల్స్). కొండారెడ్డి బురుజు దగ్గర వాన దంచికొడితే హైదరాబాద్ స్టూడియోలో బొమ్మ గళ్లుగళ్లుగా విరిగి ఆగిపోతోంది. వీడియోను కుదించే ఎన్‌కోడర్ రేటు 10 నుంచి 6 ఎంబీపీఎస్‌కు తగ్గించినా గుణం లేదు. ఎందుకు?
– కర్నూలు పాఠకుడు

జవాబు: ఎన్‌కోడర్ ఒక్కటే తగ్గితే మిగిలిన జాగాను ఖాళీ ప్యాకెట్లు నింపేస్తాయి. పైకి వెళ్లేది మళ్లీ అదే 8పీఎస్‌కే 3/4. దానికి సిగ్నల్-నాయిస్ నిష్పత్తి (అసలు సిగ్నల్ గోలకన్నా ఎంత బలంగా ఉందో చెప్పే కొలత) సుమారు 7.9 డెసిబెల్స్ (డీబీ) ఉండాలి. కాస్త తగ్గినా బొమ్మ మసకబారదు, ఒక్కసారిగా పోతుంది. సింబల్‌కు రెండు బిట్లే మోసే క్యూపీఎస్‌కే అయితే 3/4కు 4, 1/2కు 1 డీబీ చాలు. సింబల్ రేటు మార్చకుండా ఈ మూడింట్లో పట్టేది 11.1, 7.4, 4.9 ఎంబీపీఎస్. ఆడియో పోను వీడియోకు 10, 6.5, 4 పెట్టుకోండి.

పొరపాటు జరిగేది మార్చే వరుసలో. వాన ముదురుతుంటే ముందు ఎన్‌కోడర్ తగ్గించి, బఫర్‌లో (పంపడానికి వేచి ఉండే చోట) పాత డేటా పోయేదాకా ఒకటి రెండు సెకన్లు ఆగి, అప్పుడే మాడ్‌కాడ్ (8పీఎస్‌కే 3/4 లాంటి సెట్టింగు) దించాలి. తిరగేస్తే బఫర్ పొంగి ప్యాకెట్లు రాలిపోతాయి. తెరిపిచ్చాక ముందు మాడ్‌కాడ్, తర్వాత ఎన్‌కోడర్.

నమ్మాల్సింది స్టూడియో రిసీవర్ చూపే సిగ్నల్-నాయిస్ రీడింగే. కర్నూల్లో ఎండ కాస్తున్నా హైదరాబాద్‌లో కురిస్తే నష్టం ఒకటే. ఆ రీడింగ్ మొబైల్ డేటా మీద వ్యాన్‌కు రావాలి. అది 9.5 డీబీకి పడగానే క్యూపీఎస్‌కే 3/4కు దిగండి, 10.5 దాటి నిమిషం నిలిస్తేనే మళ్లీ ఎక్కండి. ఈ తేడా లేకపోతే లింకు పైకీ కిందికీ ఊగుతూనే ఉంటుంది. రిసీవర్‌కు ఏసీఎం (మాడ్‌కాడ్ మారినా తానే అనుసరించే సౌకర్యం) ఉండి తీరాలి, లేదంటే మారిన ప్రతిసారీ లాక్ పోయి తెర నల్లబడుతుంది. యాంప్లిఫయర్ పవర్ పెంచి గట్టెక్కాలని చూడకండి: సాచురేషన్‌కు (ఇక పెరగలేని హద్దుకు) చేరితే సిగ్నలే వంకరపోతుంది, పక్క క్యారియర్లకూ (అదే ఉపగ్రహం మీది ఇతరుల సిగ్నళ్లకూ) ఇబ్బంది.

ఇంకో సంగతి. ఫ్రేములో కదిలే వాన చారలే ఎన్‌కోడర్‌కు పెద్ద బరువు. 4 ఎంబీపీఎస్‌లో ఉన్నప్పుడు రిపోర్టర్‌ను పంచ కింద, గోడకు ఆనుకొని నిలబెట్టండి. కెమెరా స్టాండు మీదే ఉండాలి, ప్యాన్ వద్దు. ఎన్‌కోడర్, స్టూడియో డీకోడర్ రెండింటికీ హెచ్.265 (తక్కువ రేటులోనే మంచి బొమ్మ ఇచ్చే కుదింపు పద్ధతి) ఉంటే మాత్రం దానికే మారండి.

ప్రశ్న: ఇంటి డీటీహెచ్‌కూ ఇలా చేయలేరా?
– కడప పాఠకురాలు

జవాబు: కుదరదు. లక్షల ఇళ్లకు ఒకే సిగ్నల్; మీ ఇంటి రీడింగ్ వాళ్లకు చేరే దారి లేదు. వానలేని రోజున డిష్ సరిచేయించి క్వాలిటీ పెంచుకోండి. ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందుండి సిగ్నల్ అందుకునే పరికరం) దగ్గరి కనెక్టర్‌లోకి నీళ్లు దిగకుండా టేపు చుట్టించండి.